కలపాలా, విడదీయాలా? ఇంగ్లీషు రాతలో చిన్న మాటల చిక్కులు

కొత్తగా అమెరికా వచ్చినవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది క్రెడిట్ స్కోరు గురించి, కారు ఇన్సూరెన్స్ గురించి. ఈమధ్య ఆఫీసు మెయిళ్ళ గురించి కూడా అడుగుతున్నారు. "మాట్లాడటం ఎలాగోలా నెట్టుకొస్తున్నామండీ, రాసేటప్పుడే టెన్షన్. ఇన్, ఆన్, అప్ లాంటి మాట పక్కన ఇంకో టు, విత్ వచ్చిందంటే కలిపి రాయాలో, విడిగా రాయాలో, అసలు రాయాలో వద్దో అర్థం కాదు" అంటారు. న్యాయమైన సందేహమే. ఎంత ఇంగ్లీష్ మీడియంలో చదివినా మనకి ప్రిపోజిషన్లంటే పరీక్షలో ఖాళీలు పూరించడమే కదా.

ముందు 'ఇన్ టు' సంగతి చూద్దాం. విడిగా ఉన్నదాన్ని 'ఇన్ టు' అని, కలిసి ఉన్నదాన్ని 'ఇంటూ' అని రాస్తాను. ఉద్యోగం మానేస్తూ మేనేజరుకి మెయిల్ పెడుతున్నారనుకోండి: 'ఐ టర్న్‌డ్ మై లాప్‌టాప్ ఇన్ టు హెచ్ఆర్'. విడిగా రాస్తే లాప్‌టాప్‌ని హెచ్ఆర్‌కి అప్పజెప్పారని అర్థం. కలిపి రాశారో, మీరు మంత్రం వేసి లాప్‌టాప్‌ని హెచ్ఆర్ డిపార్ట్‌మెంట్‌గా మార్చేసినట్టు! చదివినవాళ్ళు మీ భావం పట్టుకుంటారు, పట్టుకుని ఓ నవ్వు నవ్వుకుంటారు. ఇక్కడ 'ఇన్' క్రియకి చెందినది. 'టర్న్ ఇన్' అంటేనే అప్పజెప్పడం. ఎవరికి అని చెప్పడానికి తర్వాత 'టు' వచ్చింది. రెండూ పక్కపక్కన నిలబడ్డాయే గానీ వాటికి చుట్టరికం లేదు.

పరీక్ష ఒకటుంది. 'టు' దగ్గర్నుంచి చివరిదాకా తీసేసి చదవండి. 'లాగ్ ఇన్' అని ఆపినా అర్థం చెక్కుచెదరదు, 'గివ్ ఇన్' అని ఆపినా లొంగిపోవడమే. అలాంటప్పుడు విడిగా రాయాలి: లాగ్ ఇన్ టు ద పోర్టల్, గివ్ ఇన్ టు ప్రెషర్. 'లుక్ ఇంటూ ద ఇష్యూ' ని అలా 'లుక్ ఇన్' దగ్గర ఆపితే ఆరా తీయడమనే అర్థం కాస్తా పోతుంది. కాబట్టి అది కలిపే. నడవడం, దూకడం లాంటి కదలికల దగ్గర మాత్రం ఈ పరీక్ష మోసం చేస్తుంది, 'వాక్ ఇన్' దగ్గర ఆపినా అర్థం నిలుస్తుంది మరి. అక్కడ గదిలోకో, కారులోకో, నీళ్ళలోకో వెళ్తున్నారా అని చూసుకోండి. వెళ్తుంటే కలిపేయండి. చెవితో కూడా పట్టుకోవచ్చు. అమెరికన్లు 'లాగ్ ఇన్ టు' అనేటప్పుడు 'ఇన్' ని ఒత్తి పలుకుతారు, 'టు' నలిగిపోతుంది. మనం పదాలన్నీ ఒకే బరువుతో పలుకుతాం కనుక ఆ తేడా మన నోట వినపడదు, అందుకే చేతికీ తెలియదు.

ఇంటూ అంటే గుర్తొచ్చింది. పిల్లల హోంవర్కు దగ్గర 'త్రీ ఇంటూ ట్వెల్వ్' అని మనం గుణించేస్తాం. ఇక్కడ అలా అంటే పన్నెండులో మూడు ఎన్నిసార్లు పోతుంది అని, అంటే భాగహారం. గుణకారానికి 'టైమ్స్' అనండి, లేకపోతే పిల్లవాడు టీచర్ని నమ్మాలో నాన్నని నమ్మాలో తెలియక తికమకపడతాడు.

'ఆన్ టు' దీ ఇదే లెక్క. బల్ల మీదికి ఎక్కితే కలిపి, తర్వాతి విషయానికి 'మూవ్ ఆన్ టు' అయితే విడిగా. బ్రిటన్‌లో ఉన్నవాళ్ళకి ఒక మాట: అక్కడ పాత అలవాటు ప్రకారం ఎక్కడైనా విడిగా రాసేవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తారు, అది తప్పేం కాదు.

అసలు కొంప ముంచేది కలపడం, విడదీయడం కాదు, ఏ క్రియ పక్కన ఏ జంట రావాలన్నది. కొత్తగా వచ్చినవాళ్ళు ఎక్కడ ఉంటున్నారని అడిగితే మనవాళ్ళు చెప్పే జవాబు 'ఐయామ్ పుటింగ్ అప్ విత్ మై కజిన్'. హైదరాబాద్‌లో ఇది మామూలు మాట, కజిన్ ఇంట్లో దిగానని. అమెరికన్ చెవికి మాత్రం 'మా కజిన్‌ని ఎలాగోలా భరిస్తున్నాను' అని వినిపిస్తుంది. పాపం, ఎయిర్‌పోర్టుకి వచ్చి తీసుకెళ్ళి, అన్నం పెట్టి, సోషల్ సెక్యూరిటీ ఆఫీసు దాకా తిప్పిన అన్నయ్యకి దక్కే ఫలితం అది! 'స్టేయింగ్ విత్' అనండి, చాలు.

'కోప్ అప్ విత్' కూడా మన సొంత సరుకే. 'కీప్ అప్ విత్', 'క్యాచ్ అప్ విత్' విని విని మధ్యలో 'అప్' ని మనమే దూర్చాం. సరైనది 'కోప్ విత్'. మనిషినైతే 'క్యాచ్ అప్ విత్' అంటాం, పేరుకుపోయిన మెయిళ్ళనైతే 'క్యాచ్ అప్ ఆన్'. 'ఫాలో అప్' కూడా అంతే, మనిషితో 'విత్', పని మీద 'ఆన్'. టీమ్‌లో జూనియర్‌ని పలకరించానని చెప్పడానికి 'చెక్‌డ్ ఇన్ విత్' బాగుంటుంది. 'చెక్‌డ్ అప్ ఆన్' అన్నారంటే నమ్మకం లేక నిఘా పెట్టినట్టు ధ్వనిస్తుంది. 'సైన్ ఆఫ్ ఆన్' అంటే ఆమోదముద్ర వేయడం. చివరి 'ఆన్' వదిలేసి 'మేనేజర్ సైన్డ్ ఆఫ్' అని రాస్తే ఆయన ఆమోదించాడో, ఆ పూటకి లాగాఫ్ అయిపోయాడో తేలదు. 'పాస్‌డ్ ఆన్' దగ్గర ఇంకా జాగ్రత్త. ఫైలుని ఒకరికి 'పాస్‌డ్ ఆన్ టు' చేయొచ్చు, మనిషి పేరు పెట్టి ఉత్తినే 'పాస్‌డ్ ఆన్' అంటే పోయాడని.

ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్ళు ఈ ఒక్కటీ సరిచేసుకోండి. మెయిల్ చివర 'లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యూ' అని రాస్తాం. కలవడానికి ఎదురుచూస్తున్నాం అని మనసులో అనుకుని దింపిన వాక్యం అది. ఈ 'టు' ప్రిపోజిషన్, దాని తర్వాత నామవాచకమో, ఇంగ్ రూపమో రావాలి: 'టు మీటింగ్ యూ'. అనుమానం వస్తే అక్కడ 'ఫ్రైడే' పెట్టి చూడండి. 'లుకింగ్ ఫార్వర్డ్ టు ఫ్రైడే' కుదిరింది కనుక ఇంగ్ కావాలి. మంచులో కారు నడపడం అలవాటైందని చెప్పే 'ఐయామ్ యూజ్డ్ టు డ్రైవింగ్' కీ ఇదే పరీక్ష.

'అప్ టు' ఎప్పుడూ రెండు మాటలే. ఆషాఢం సేల్ బోర్డుల మీద కలిపి రాసింది చూసి చూసి మనకి అదే సరైనదనిపిస్తుంది. 'ఇన్ స్పైట్ ఆఫ్', 'ఇన్ ఫ్రంట్ ఆఫ్' లలోనూ ఏదీ కలవదు. లాగిన్, సెటప్ అనేవి నామవాచకాలైతే కలిసి ఉంటాయి, క్రియలైతే విడిపోతాయి.

ఇంకో రకం జంటలున్నాయి, ఇవి జేబుకి తగిలే రకం. హియర్, దేర్ అనే మాటలకి ప్రిపోజిషన్ అతికించినవి: హియర్‌బై, హియర్‌టు (దీనికి), దేరాఫ్ (దానిలోని), దేరిన్ (అందులో). మన రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లో 'ఇందుమూలముగా' ఉంటుందే, హియర్‌బై అచ్చం అదే. జర్మనీలో చదువుతున్నవాళ్ళకి ఇవి కొత్త కాదు, అక్కడ డామిట్ (దానితో), డాఫోన్ (దాన్నుంచి) రోజువారీ మాటలు. ఇంగ్లీషులో మాత్రం ఇవి ఎక్కువగా లాయర్ల చేతిలోనే మిగిలాయి. మామూలు మెయిల్లో 'అటాచ్‌డ్ హియర్‌విత్' అని రాయకండి, ఉత్తినే 'అటాచ్‌డ్' అంటే సరిపోతుంది. ఫెడరల్ ఆఫీసులే జనానికి అర్థమయ్యేలా రాయాలని 2010లో ప్లెయిన్ రైటింగ్ యాక్ట్ తెచ్చారు. అయినా సిటిజన్‌షిప్ తీసుకునే రోజు చదివే ప్రమాణంలో హియర్‌బై ఉంది, ఇప్పటిదాకా అనే అర్థంలో హియర్‌టుఫోర్ కూడా ఉంది. చేయెత్తి పలకాల్సిందే.

చివర ఇ అక్షరం లేని 'దేర్‌ఫర్' అగ్రిమెంట్లో కనిపిస్తే అచ్చుతప్పు అనుకోకండి. 'అందువల్ల' కాదు, 'దానికోసం' అని దాని అర్థం.

అన్నిటికంటే అపార్ట్‌మెంట్ లీజులో 'దేరాఫ్' ని చూసుకోండి. 'షల్ నాట్ సబ్‌లెట్ ద ప్రెమిసెస్ ఆర్ ఎనీ పార్ట్ దేరాఫ్' అనే వరస చాలా లీజుల్లో ఉంటుంది. ప్రెమిసెస్ అంటే ఇల్లు. ఇల్లంతా అద్దెకివ్వట్లేదు కదా, ఒక గదే కదా అని మనవాళ్ళు రూమ్మేట్‌ని దింపేస్తారు. ఆ 'ఎనీ పార్ట్ దేరాఫ్' ఉన్నదే అందుకు. అందులో ఏ భాగమూ, అంటే గది కూడా, హాల్లో పరుపు వేసుకునే చోటు కూడా ఇవ్వకూడదని. ఆ వాక్యం పక్కనే యజమాని రాతపూర్వక అనుమతి లేకుండా అన్న మాట ఉందేమో వెతకండి. ఉంటే లీజింగ్ ఆఫీసుకి మెయిల్ పెట్టి, రూమ్మేట్ పేరు లీజులో ఎక్కించమని అడగండి. నోటిమాటగా 'నో ప్రాబ్లమ్' అంటే సరిపెట్టుకోకుండా, అది మెయిల్లో తెప్పించుకున్నాకే అడ్వాన్సు తీసుకోండి.