పెరట్లో కోళ్లు: ఫోనులో అడిగితే సరిపోదు

ఇళ్ల మధ్య, సొంత పెరట్లో నాలుగు కోళ్లు పెంచుకోవడానికి కూడా అనుమతి కావాలా అని అడిగారు. నేను ఆరేళ్లుగా పెంచుతున్నాను. మొదటి ఏడాదే నోటీసు అందుకున్నాను కాబట్టి, ఎక్కడ దెబ్బతింటామో కొంత తెలుసు.

ఇల్లు మనదైనంత మాత్రాన సరిపోదు. కోళ్లను అనుమతించే చోట్ల కూడా స్థానిక సంస్థలు సాధారణంగా మూడు విషయాలు చూస్తాయి: ఎన్ని కోళ్లు, పుంజు ఉందా, గూడు పక్కిళ్లకు ఎంత దూరంలో ఉంది. నేను కార్యాలయానికి ఫోను చేసి కోళ్లు పెంచుకోవచ్చా అని అడిగాను. పెంచుకోవచ్చన్నారు. ఆ వారమే గూడు కట్టేశాను. నిబంధనల కాగితం తెప్పించుకుని చదివి ఉంటే, అందులో పెట్టలకు మాత్రమే అనుమతి ఉందని కనిపించేది.

అన్నీ పెట్టలే అని అమ్మినవారు చెబితే నమ్మి ఆరు పిల్లలను తెచ్చాను. ఒక రోజు వయసు పిల్లల్లో ఆడేదో మగేదో చెప్పడంలో ఆరితేరినవారు కూడా అప్పుడప్పుడు పొరబడతారు. రెండో నెలకు ఒకదాని తురాయి మిగతావాటికన్నా ఎర్రగా, పెద్దగా కనిపించింది. చూసీ చూడనట్టు ఊరుకున్నాను. నాలుగో నెలలో ఒక తెల్లవారుజామున అది మెడ చాచి, తుప్పు పట్టిన గేటు తెరిచినట్టు కూసింది. చీకటిగా ఉంటే మానుకుంటుందని గూటి మీద గోనెసంచులు కప్పాను. అయినా కూసింది. వెలుతురుతో నిమిత్తం లేకుండా ఒంట్లోని గడియారమే పుంజు చేత కూయిస్తుందని జపాన్ పరిశోధకులు 2013లోనే చూపించారని తరువాత చదివాను. నా కోడి కూయకపోతే తెల్లవారదా అంటారు కానీ, మా పక్కింటివారికి నిజంగానే నా కోడితో తెల్లవారేది, అదీ గంట ముందే.

వాళ్లు ఫిర్యాదు చేశారు. వచ్చిన అధికారి పుంజును పంపించేయమని ఒక్క మాటలో తేల్చేసి, జేబులోంచి టేపు తీశారు. ఒక కొస నన్ను పట్టుకోమని, రెండో కొసను ప్రహరీ గోడ మీదుగా అటు అందించారు. అవతల దాన్ని అందుకుని తన కిటికీ దాకా లాగింది ఫిర్యాదు చేసిన పక్కింటాయనే. నేను చెక్క గూడు నుంచి కొలుచుకున్నాను. కోళ్లు తిరగడానికి చుట్టూ వేసిన వల కూడా గూటి కిందే లెక్క అని అధికారి అన్నారు. రెండడుగులు తక్కువైంది. ఆ రెండడుగుల కోసం రెండు రోజులు గుంజలు పీకి మళ్లీ పాతుకున్నాను. పుంజును తోట ఉన్న బంధువులకు ఇచ్చేశాను. గుడ్ల కోసమైతే పుంజుతో పనే లేదు. పొదిగించాలంటేనే అది కావాలి.

స్థానిక సంస్థ సరేనన్నా, ఇళ్ల సంఘం నియమాలో అద్దె ఒప్పందమో వద్దంటే అదే చెల్లుతుంది. గుడ్లు అమ్మడం మొదలుపెడితే అది వేరే లెక్క. పక్షుల జ్వరం (బర్డ్ ఫ్లూ) కారణంగా పశుసంవర్ధక శాఖల నిబంధనలూ చాలా దేశాల్లో పెరిగాయి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2024 అక్టోబర్ 1 నుంచి ఒక్క కోడి ఉన్నా నమోదు చేయించాల్సిందే.

ఇక కోళ్ల గురించి చట్టం ఏమీ చెప్పని చోట కూడా దుర్వాసన, ఎలుకలు, చప్పుడు మీద ఫిర్యాదు చేయవచ్చు. నా అనుభవంలో ఎలుకలు కోళ్ల కోసం కాదు, దాణా కోసం వస్తాయి. రాత్రి దాణాను మూత ఉన్న రేకు డబ్బాలోకి ఎత్తేస్తే సగం గొడవ తగ్గింది. వాసన రెట్టతో కాదు, తడిసిన రెట్టతో. గూట్లో రంపపు పొట్టు పొడిగా ఉంటే పక్కింటికి తెలియదు. ఈ రెండూ ఏ నిబంధనలోనూ నాకు కనిపించలేదు, కానీ రెండో నోటీసు రాకపోవడానికి కారణం ఇవేనని నా నమ్మకం.

మీరు మాత్రం ఫోనులో అడిగి ఊరుకోకండి. ఎన్ని పెట్టలు, ఎంత దూరం, ఆ దూరం ఎక్కడి నుంచి ఎక్కడికి, వల కూడా కలుపుతారా అని ఉత్తరం రాసి, జవాబు కాగితం మీద తెప్పించుకోండి. అది చేతికొచ్చాకే గుంజలు పాతండి.