లినక్స్‌లో ఏ డెస్క్‌టాప్‌లోనైనా పనిచేసే ఫైల్ షేరింగ్ క్లయింట్‌ను ఎలా డిజైన్ చేయాలి?

నెట్‌వర్క్‌లోని ఫైళ్లు తెరవడానికి గ్నోమ్ డెస్క్‌టాప్‌కు జీవీఎఫ్ఎస్, కేడీఈ డెస్క్‌టాప్‌కు కేఐఓ ఇప్పటికే ఉన్నాయి. చిక్కల్లా ఏమిటంటే, కేఐఓలో తెరిచిన విండోస్ షేర్ (నెట్‌వర్క్‌లో పంచుకున్న ఫోల్డర్) బయటి ప్రోగ్రామ్‌లకు మామూలు ఫోల్డర్‌లా కనబడదు. ఆ లోటు పూడ్చడానికే కేఐఓ-ఫ్యూజ్ అనే అతుకు వేయాల్సి వచ్చింది. మీరు మొదటి నుంచే ఫ్యూజ్‌తో (మామూలు ప్రోగ్రామే ఫైల్ సిస్టమ్ నడపగలిగే లినక్స్ సదుపాయం) మౌంట్ చేయండి, అంటే షేర్‌ను ఫోల్డర్‌గా తగిలించండి. టెర్మినల్ నుంచి లిబ్రేఆఫీస్ దాకా అన్నిటికీ అది ఫోల్డరే. లినక్స్ కెర్నల్‌లోనే విండోస్ షేర్ల కోసం ఉన్న సీఐఎఫ్ఎస్ మౌంట్ సాధారణంగా ఇంకా వేగం, కానీ మామూలుగా రూట్ (అడ్మిన్) అనుమతి అడుగుతుంది.

అసలు పనంతా వెనక నడిచే డీమన్‌కు అప్పగించి, ప్రోగ్రామ్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే డీ-బస్ ద్వారా ఆదేశాలివ్వండి. అప్పుడు పైన కనబడే విండో జీటీకేలో (గ్నోమ్ టూల్‌కిట్) రాసినా క్యూటీలో (కేడీఈ టూల్‌కిట్) రాసినా ఒకటే. పాస్‌వర్డ్‌లకు వాటిని దాచే ఉమ్మడి పద్ధతి సీక్రెట్ సర్వీస్ చాలు.

నా లెక్కలో అసలు టెన్షన్ వైఫై తెగినప్పుడే: ఫోల్డర్ తెరిచిన ప్రతి ప్రోగ్రామూ బిగుసుకుపోతుంది. టైమ్‌అవుట్ పెట్టి, వెంటనే ఎర్రర్ తిరిగివ్వండి.