మ్యాష్‌కి వేడినీళ్ల కాయిల్ కట్టే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

బీరు కాయడానికి నువ్వు గీసి పంపిన ఏర్పాటు బొమ్మ చూశాను. వేడినీళ్ల ట్యాంకులో కాయిల్ (చుట్టలా వంచిన గొట్టం) ముంచి, మ్యాష్ (పగలగొట్టిన మాల్ట్, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన గింజలు, వేడినీళ్లతో కలిపిన జావ) పాత్ర అడుగు నుంచి వోర్ట్‌ని, అంటే అందులోంచి దిగే తీపి నీళ్లని, పంపుతో లాగి, ఆ కాయిల్ గుండా తిప్పి మళ్లీ పైన పోయాలన్న ఆలోచన మంచిదే. హీటర్ వోర్ట్‌కి నేరుగా తగలదు కాబట్టి మాడు వాసన భయం ఉండదు. కానీ నీ ధ్యాసంతా హీటర్ ఎన్ని వాట్లన్న దాని మీదే ఉంది. ఈ పనిలో ఏడిపించేది వేడి కాదు, గింజల గుండా వోర్ట్ పారడం.

నా మొదటి బ్యాచ్‌కి వాల్వ్ పూర్తిగా తెరిచేశాను. రెండు నిమిషాలు బ్రహ్మాండంగా తిరిగింది. తర్వాత పైన వోర్ట్ కదలకుండా నిలిచిపోయింది, కింద పంపు గరగరమంటూ గాలి పీల్చింది. తెడ్డు దించితే అడుగున గింజలు గచ్చులా బిగిసిపోయి ఉన్నాయి. పంపు లాగేకొద్దీ అవన్నీ జల్లెడ పలక మీదికి అదుముకుపోయాయి.

అందుకే మాల్ట్‌ని పిండి చేయకు. గింజ పగలాలి, వోర్ట్ పారడానికి సందులుండేలా పొట్టు నిలవాలి. గోధుమ మాల్ట్‌కి ఆ పొట్టు ఉండదు, అది ఎక్కువ వేస్తే శుభ్రంగా కడిగిన వరి ఊక కలుపు. పంపుని మ్యాష్ పాత్ర కంటే కింద, వాల్వ్‌ని పంపు దాటాక పెట్టు. మాల్ట్, నీళ్లు కలిపాక ఓ పదిహేను నిమిషాలు ఆగి, సన్నధారతో మొదలుపెట్టు. మొదట బురదనీళ్లలా వస్తుంది. అది తేటపడి, గొట్టంలో తేనెరంగు కనిపించాక కొద్దికొద్దిగా పెంచు. 20 లీటర్ల బ్యాచ్‌కి నిమిషానికి మూడు నాలుగు లీటర్లు చాలు.

వేడి కొలిచే సెన్సర్‌ని కాయిల్ దాటి వోర్ట్ బయటికొచ్చే చోటే పెట్టు. గింజల మధ్య పెడితే అది 66 డిగ్రీలు చూపించేలోపే కాయిల్లోంచి వచ్చే వోర్ట్ 75 దాటిపోవచ్చు. గింజలోని పిండిని చక్కెరగా మార్చే ఎంజైములు ఆ వోర్ట్‌లోనే ఉంటాయి కదా! వాటిలో ఒకటైన బీటా అమైలేజ్ 70 దాటితే త్వరగా చచ్చిపోతుంది. ఇక బీరులో పులియని చక్కెరలు మిగిలిపోతాయి.

ట్యాంకు మరీ పెద్దదిగా గీశావు. చక్కెర తయారవడం పూర్తయ్యాక, చివర్లో ఎంజైముల పని ఆపడానికి 30 లీటర్ల నీళ్లు, 20 లీటర్ల మ్యాష్ కలిపి 66 నుంచి 76కి ఎక్కాలంటే 3 కిలోవాట్ల హీటర్‌కి వేడి నష్టాలు లెక్కలోకి తీసుకోకుండానే 12 నిమిషాలు పడుతుంది. నీళ్లు 15 లీటర్లయితే ఎనిమిదే. కాయిల్, హీటర్ మునిగితే చాలు. ఆ నీళ్లని కూడా కలియబెట్టే ఏర్పాటు ఉండాలి, లేకపోతే కాయిల్ చుట్టూ ఉన్న నీళ్లు చల్లబడి పని మందగిస్తుంది.

నీళ్లు, కరెంటు ఒకచోట ఉంటాయి కాబట్టి ఎర్త్ లీకేజీ బ్రేకర్ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసేది) లేకుండా స్విచ్ వేయకు. పని అయిన వెంటనే వేడినీళ్లు తిప్పి కాయిల్ కడుగు, ఆరిన తీపి లోపల అంటుకుంటే వదలదు.

ట్యాంకు కొలతలు మార్చి బొమ్మ మళ్లీ పంపు, పైపులు కోయకముందే చూస్తాను.