పాత కారులో ఇంజను టెంపరేచర్ సెన్సార్ మార్చబోయే ముందు

చిరంజీవి రాఘవకు పెదనాన్న ఆశీస్సులు.

మీ నాన్న 2003లో కొన్న మారుతి ఎస్టీమ్‌లో టెంపరేచర్ ముల్లు సగానికి కూడా రావడం లేదనీ, చల్లటి ఇంజను స్టార్టు చేయగానే రేడియేటర్ ఫ్యాను తిరుగుతోందనీ, పెట్రోలు ఖర్చు పెరిగిందనీ, మెకానిక్ సెన్సార్ మార్చాలన్నాడనీ రాశావు. ఏ సెన్సారో అతన్ని అడిగావా? ఆ కాలపు బండ్లలో ఇంజను వేడిని కనిపెట్టే భాగాలు రెండో మూడో ఉంటాయి. దుకాణంలో అన్నిటినీ టెంపరేచర్ సెన్సార్ అనే పిలుస్తారు కాబట్టి, పేరు చెప్పి కొంటే సగం సార్లు వేరేది చేతికొస్తుంది.

బానెట్ ఎత్తి థర్మోస్టాట్ (కూలెంటు అనే చల్లబరిచే ద్రవాన్ని వేడిని బట్టి రేడియేటర్‌కు వదిలే కవాటం) ఉండే హౌసింగ్ చుట్టూ, దాని పక్కన ఇంజనులోకి గాలి వెళ్లే ఇన్‌టేక్ మానిఫోల్డ్ మీద వెతుకు. ఉన్న చోటును బట్టి కాక, వైర్లను బట్టి గుర్తుపట్టు. ఒకే వైరు ఉన్న చిన్న ఇత్తడి ముక్క డ్యాష్‌బోర్డు మీటరుకు సంబంధించినది. దాని ఎర్తు దాని మర గుండానే ఇంజనుకు చేరుతుంది. రెండు వైర్ల ప్లగ్గుతో ఉన్నది ఈసీయూకి, అంటే ఇంజనును నడిపించే కంప్యూటర్‌కు, వేడి ఎంతో తెలిపే అసలు సెన్సార్. కార్బురేటర్ బండ్లలో వీటికి తోడు ఫ్యానుకు విడిగా ఒక స్విచ్ ఉంటుంది. కంప్యూటర్ లెక్కతో పెట్రోలు చిమ్మే ఎంపీఎఫ్ఐ బండ్లలో చాలావరకు ఆ పని ఈసీయూయే రిలే అనే విద్యుత్ స్విచ్ ద్వారా చేస్తుంది. నీ బండిలో ఏది ఉందో వైరు వెంట పోయి చూసి తేల్చుకో. ఫొటో తీసి పెట్టుకుంటే ఇంకా మంచిది.

ఇప్పుడు నీ బండి లక్షణాల సంగతి. ముల్లు లేవకపోవడం మీటరు వైపు లోపం. ఫ్యాను ఆగకపోవడం ఈసీయూ వైపు లోపం. ఈ రెండు భాగాలూ ఒకేసారి చెడిపోవడం అరుదు. ఈసీయూకి సెన్సార్ నుంచి నమ్మదగిన సంకేతం అందకపోతే ఇంజను వేడెక్కిపోతుందేమోనని ఫ్యానును ముందే తిప్పేస్తుంది, పెట్రోలు కూడా అది ఊహించుకున్న లెక్కతో పోస్తుంది. కనుక సెన్సార్ కన్నా ముందు దాని ప్లగ్గు విప్పి చూడు. ఇరవై ఏళ్ల బండిలో పచ్చగా చిలుము పట్టిన పిన్నులు, లోపల తెగి పైతొడుగు మాత్రం బాగున్న వైర్లు సర్వసాధారణం. ప్లగ్గు లాక్ నొక్కి ప్లాస్టిక్‌ను పట్టుకుని లాగు, వైర్లను పట్టుకుని లాగకు. వేడికి ఆ ప్లాస్టిక్ పెళుసెక్కి ఉంటుంది. ప్లగ్గు తీసి, ఇగ్నిషన్ ఆన్ చేసి, వైర్ల వైపు రెండు పిన్నుల మధ్య మల్టీమీటరుతో కొలిస్తే సుమారు 5 వోల్టులు రావాలి. రాకపోతే కొత్త సెన్సార్ కొన్నా ప్రయోజనం లేదు.

వోల్టేజి సరిగా ఉంటే సెన్సార్ నిరోధాన్ని కొలువు. ఇది వేడి పెరిగేకొద్దీ నిరోధం తగ్గే రకం. 20 డిగ్రీల దగ్గర సుమారు 2.2 నుంచి 2.7 కిలో ఓములు, 80 డిగ్రీల దగ్గర 300 ఓముల చుట్టుపక్కల చూపాలి. అయితే ఆ 20 డిగ్రీల అంకె చూసి కంగారుపడకు. విజయవాడ వేసవిలో చల్లటి ఇంజను కూడా 40 డిగ్రీల మీద ఉంటుంది కనుక, అప్పుడు 1.1 లేదా 1.2 కిలో ఓములు వస్తే అది మంచి సెన్సారే. అనుమానం తీరకపోతే సెన్సారును విప్పి, గిన్నెలో నీళ్లు కాచి, థర్మామీటరు పక్కన పెట్టి, కొన మాత్రమే మునిగేలా పట్టుకుని అంకెలు రాసుకో. అంకెలు నిదానంగా దిగుతూ రావాలి, మధ్యలో ఎగిరి దూకితే ఆ సెన్సార్ పనికిరాదు.

మీటరు వైపు పరీక్ష ఇంకా తేలిక. ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి ఒంటి వైరును పీకి, దాని కొనను ఒక్క క్షణం ఇంజను లోహానికి తాకిస్తే ముల్లు వేడి వైపు లేవాలి. లేస్తే మీటరు, వైరు బాగున్నట్టే. లోపం ఆ ఇత్తడి ముక్కలోనో దాని ఎర్తులోనో ఉంది. ఎక్కువసేపు తాకించి ఉంచకు, మీటరు చెడిపోవచ్చు.

ఇంతకన్నా ముందు అడగవలసినది ఒకటుంది: మీ బండిలో థర్మోస్టాట్ ఉందా? మన ఎండలకు అది అక్కర్లేదంటూ పీకి పారేసే అలవాటు మన ప్రాంతపు గ్యారేజీల్లో చాలామందికి ఉంది. నాకు ఆ అలవాటంటే ఒళ్లు మండుతుంది. 82 లేదా 88 డిగ్రీల దగ్గర తెరుచుకునే ఆ కవాటం లేకపోతే కూలెంటు ఎప్పుడూ రేడియేటర్ గుండా తిరుగుతూ ఇంజనును సరైన వేడికి రానివ్వదు. ముల్లు కిందే ఉంటుంది, ఇంజను ఇంకా చల్లగానే ఉందనుకుని ఈసీయూ పెట్రోలు ఎక్కువ పోస్తుంది. సెన్సార్ నిజమే చెబుతుంటే దాన్నే మార్చినట్టవుతుంది. స్టార్టు చేసిన రెండు మూడు నిమిషాలకే రేడియేటర్ పై గొట్టం ఇంజనుతో పాటే వెచ్చబడుతుంటే థర్మోస్టాట్ లేనట్టో, తెరిచి ఇరుక్కున్నట్టో అనుకోవచ్చు. ఫ్యానును నేరుగా బ్యాటరీకి కలిపే పద్ధతి కూడా అలాంటిదే. నీ ఫ్యాను వైర్లను ఎవరైనా అలా కలిపారేమో చూడు.

కూలెంటు తగ్గితే సెన్సార్ కొన గాలిలో ఉండి తక్కువ వేడి చూపవచ్చు. ఇంజను మరిగిపోతుంటే ముల్లు కిందికి దిగడం అలాగే జరుగుతుంది, అది చూసి నమ్మి నడిపితే ఇంజను తలకూ బ్లాకుకూ మధ్య ఉండే హెడ్ గాస్కెట్ పోతుంది. అందుకని ప్రతి పరీక్షకు ముందూ నీటి మట్టం చూసుకో.

కొనేటప్పుడు పాత దాన్ని చేతిలో పట్టుకెళ్లి మర, ప్లగ్గు ఆకారం, కొన పొడవు పోల్చు. వేరే మోడలుది మరకు సరిపోయినంత మాత్రాన తీసుకోకు. దాని నిరోధం లెక్క వేరైతే ముల్లు అబద్ధం చెబుతుంది. దుకాణంలోనే మల్టీమీటరు పెట్టి చూడటానికి మొహమాటపడకు.

మార్చే పని ఇంజను పూర్తిగా చల్లారాకే. రేడియేటర్ లోపల పీడనం ఉండటం వల్ల కూలెంటు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది, మూత తీసిన క్షణంలో ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. చల్లారిన తరువాత మూత తీసి, మట్టం సెన్సార్ కన్నా కిందికి దిగేంత మాత్రం ఒక పళ్లెంలోకి వదులు. ఆ పళ్లెం బయట పెట్టి ఉంచకు. కూలెంటు తియ్యగా ఉండి కుక్కలు తాగుతాయి, అది వాటికి విషం. పొడవాటి బాక్సు పానా వాడు. అల్యూమినియంలో ఇత్తడి బిగుసుకుని ఉంటే బలం చూపకుండా, తుప్పు వదిలించే నూనె వేసి ఒక పూట ఆగు.

కొత్తది పెట్టేటప్పుడు రెండు వైర్ల దానికి కొత్త వాషర్ వేసి, చేత్తో మర పట్టించి, తరువాత పానాతో బిగించు. టార్క్ పానా ఉంటే 15 న్యూటన్ మీటర్లు చాలు. ఒంటి వైరు దానికి తెల్లటి టేపు చుట్టకు, మర గుండా పోవలసిన ఎర్తు బలహీనపడి ముల్లు మళ్లీ తప్పు చూపుతుంది.

తరువాత కూలెంటు నింపి, రేడియేటర్ మూత తెరిచే ఉంచి, హీటరును పూర్తి వేడి మీద పెట్టి ఇంజను నడిపించు. కాసేపటికి థర్మోస్టాట్ తెరుచుకుని పై గొట్టం ఒక్కసారిగా వేడెక్కుతుంది, గాలి బుడగలు బయటికి వస్తాయి, మట్టం పడిపోతుంది. మళ్లీ నింపి మూత వేసెయ్యి. ఫ్యాను ఒకసారి తిరిగి ఆగేదాకా ఇంజనును అలాగే నడవనివ్వు. మర్నాడు పొద్దున ఇంజను చల్లగా ఉన్నప్పుడు రిజర్వాయర్‌లో మట్టం, సెన్సార్ చుట్టూ తడి చూసి, నువ్వు కొలిచిన అంకెలు నాకు రాసి పంపు.

ఇట్లు,
మీ పెదనాన్న