కాగితం కోసం బిడ్డను ఆపొద్దు: కొత్త టీచరుకు ఒక జాబు

కర్నూలు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. కోసిగి దగ్గర పల్లెలో నాలుగో తరగతి నీకిచ్చారని రాశావు. అందులో చెవి మిషన్ పెట్టుకునే పిల్లోడు ఒకడు, చూపు సరిగా ఆనని పాప ఒకతె, నోటితో ఏదడిగినా చెప్పి పుస్తకం తెరిస్తే మాత్రం నీరుగారిపోయే పిల్లోడు ఇంకొకడు ఉన్నారన్నావు. "సదరం సర్టిఫికెట్ వచ్చాక చూద్దాం, లేదంటే భవితకు పంపిద్దాం" అని బళ్లో అంటున్నారట. సదరం అంటే వైకల్యం ఎంత శాతమో చెప్పే ప్రభుత్వ సర్టిఫికెట్, భవిత అంటే ప్రత్యేకావసరాల పిల్లల కోసం పెట్టిన కేంద్రం. ఆ మాట దగ్గరే మొదలుపెడతాను. పిల్లల చదువులో ఏళ్లకు ఏళ్లు మింగేసేది ఆ మాటే.

సర్టిఫికెట్ దేనికి కావాలో, దేనికి అక్కర్లేదో ముందు వేరు చేసుకో. పింఛనుకు, బస్ పాసుకు, రిజర్వేషన్‌కు కావాలి. పాపను ముందు బెంచీలో కూర్చోబెట్టడానికి, పిల్లోణ్ణి పరీక్షలో నోటితో అడగడానికి ఏ కాగితమూ అక్కర్లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది, 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందులో 40 శాతం వైకల్యం ఉండాలనే గీత కొన్ని హక్కులకే పెట్టారు. 31వ సెక్షన్ కింద 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత చదువు, 32వ సెక్షన్ కింద ఉన్నత విద్యలో 5 శాతం సీట్లు అలాంటివి. బడి చేయాల్సిన పనులు 16వ సెక్షన్‌లో ఉన్నాయి: వివక్ష లేకుండా చేర్చుకోవడం, బిడ్డ అవసరానికి తగిన సర్దుబాట్లు చేయడం, చదవడం రాయడంలో ఇబ్బందులను వీలైనంత త్వరగా గుర్తించడం, ప్రతి బిడ్డ ఎంతవరకు వచ్చాడో చూసుకుంటూ ఉండడం. వీటికి శాతం గీత లేదు. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే దారిలో తీర్పిచ్చింది. పరీక్షలో రాసిపెట్టే మనిషిని ఇవ్వడానికి 40 శాతం వైకల్యం ఉండాల్సిందేనని పట్టుబట్టడం చెల్లదంది.

ఇక భవిత సంగతి. ఆ కేంద్రం మంచిదే. ఫిజియోథెరపీ, మాట సాధన, తీవ్రమైన ఇబ్బంది ఉన్న పిల్లలకు రోజువారీ పనుల శిక్షణ అక్కడ దొరుకుతాయి. అయితే 31వ సెక్షన్ బిడ్డకు ఊరి బడినైనా ప్రత్యేక బడినైనా ఎంచుకునే హక్కునిచ్చింది. ఎంపిక బిడ్డది, తల్లిదండ్రులది. పంపించేసే అధికారం బడికి లేదు. హెడ్మాస్టరుతో గొడవ పెట్టుకోకుండా, ఈ సెక్షన్ ప్రింటు తీసి స్టాఫ్ మీటింగులో చదివి వినిపించు. చాలాచోట్ల తెలియక అంటారు, తెలిశాక మానుకుంటారు.

చెవి మిషన్ పిల్లోడి దగ్గర నుంచి మొదలుపెట్టు, ఎందుకంటే అక్కడ రోజూ ఒక్క నిమిషం పెడితే ఆ రోజంతా దక్కుతుంది. ఉదయం వాణ్ణి వెనక్కి తిప్పి నిలబెట్టి, రెండడుగుల దూరం నుంచి, నోటికి కాగితం అడ్డం పెట్టుకుని ఆరు శబ్దాలు పలుకు: ఆ, ఊ, ఈ, మ్, ష్, స్. ఒక్కోటి విన్నప్పుడల్లా చెయ్యెత్తమను. వరుస రోజూ మార్చు, లేకపోతే గుర్తుపెట్టుకుని చెయ్యెత్తేస్తాడు. తర్వాత నాలుగైదు అడుగులు వెనక్కి జరిగి అదే చెయ్యి. నిన్నటిదాకా 'స్', 'ష్' వినిపించి ఈరోజు వినిపించలేదంటే మిషన్‌లో ఏదో తేడా వచ్చింది. ముందు బ్యాటరీ చూడు. గుండీలా ఉండే ఆ చిన్న బ్యాటరీకి వెనక ఒక స్టిక్కరు ఉంటుంది. అది పీకిన క్షణం నుంచే దాని ఆయుష్షు కరిగిపోతుంది, కాబట్టి అవసరం పడ్డరోజే పీకాలి. బ్యాటరీ బాగుంటే చెవిలో పెట్టే అచ్చు చూడు. రంధ్రంలో గులిమి పేరుకుంటే శబ్దం లోపలికి పోదు. మిషన్ కూ అని కూస్తోందంటే అచ్చు వదులైందన్నమాట. పెరిగే పిల్లలకు చెవి పెరుగుతుంది, పాత అచ్చు సరిపోదు. అలాంటప్పుడు వాల్యూమ్ తగ్గించి ఊరుకుంటారు చాలామంది. కూత ఆగుతుంది, దాంతోపాటు వినికిడీ ఆగుతుంది. కొత్త అచ్చు తీయించాలి. మన ఎండల్లో చెమట మిషన్‌ను పాడుచేస్తుంది, రాత్రిపూట తేమ పీల్చే పొట్లం వేసిన మూతడబ్బాలో పెట్టమని వాళ్లమ్మకు చెప్పు.

పాఠం చెప్పేటప్పుడు కిటికీకి వీపు పెట్టి నిలబడొద్దు. వెలుగు నీ వెనకుంటే నీ ముఖం నల్లగా కనబడి పెదాలు వాడికి అందవు. బోర్డు మీద రాస్తూ మాట్లాడొద్దు, రాయి, తిరుగు, అప్పుడు చెప్పు. బాగా వినిపించే చెవి నీ వైపు ఉండేలా కూర్చోబెట్టు. "అర్థమైందా" అని అడగొద్దు, తలూపేస్తాడు. "ఇప్పుడు ఏం చేయాలో నువ్వు చెప్పు" అని అడుగు.

చూపు తక్కువ పాపను పుస్తకం ముక్కుకు ఆనించి చదువుతోందని ఎవరూ కసరకుండా చూడు. దగ్గరగా పెట్టుకుంటే కళ్లు పాడవవు, ఆమెకు అక్షరం కనిపించే దూరం అదే. లేచి బోర్డు దగ్గరికి వెళ్లి చూసుకునే స్వేచ్ఛ ఇవ్వు. బోర్డు మీద ఎండ మెరుపు పడుతుంటే ముందు బెంచీ ఇచ్చినా లాభం లేదు. ఆమె కూర్చునే చోట నువ్వు కూర్చుని ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చూస్తే తెలుస్తుంది. పాఠం పేజీలను జిరాక్స్ షాపులో ఏ4 నుంచి ఏ3కి పెద్దవి చేయిస్తే అక్షరం దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. నోటుబుక్కులో నల్ల స్కెచ్ పెన్నుతో గీతలు లావుగా గీసివ్వు.

మూడో పిల్లోడి విషయంలో తొందరపడి పేరు పెట్టొద్దు. ముందు కంటిచూపు, వినికిడి పరీక్ష చేయించు. ఇంట్లో ఏ భాష మాట్లాడతారో కనుక్కో. మీ వైపు కన్నడం, ఉర్దూ ఇంటిభాషగా ఉన్న కుటుంబాలు చాలా ఉంటాయి. తెలుగు కొత్తగా నేర్చుకుంటున్న బిడ్డ తడబాటు వేరు, చదవడంలో వైకల్యం వేరు. రెండోదైతే ఇంటిభాషలో చక్కగా కథ చెబుతాడు, అక్షరాన్ని చప్పుడుగా మార్చడం దగ్గర మాత్రం ఆగిపోతాడు. అప్పుడు 20 మాటల కాగితం ఒకటి తయారుచెయ్యి: పలక, గడప లాంటివి ఐదు, కోడి, మేక లాంటివి ఐదు, అక్క, బువ్వ లాంటివి ఐదు, పుస్తకం, సూర్యుడు లాంటివి ఐదు. వాడు ఏది ఎలా చదివాడో ఉన్నదున్నట్టు పక్కన రాయి. 'పుస్తకం'ను 'పుతకం' అన్నాడా, మొదటి అక్షరం చూసి 'పులి' అని ఊహించాడా అనేది ముఖ్యం. వత్తులు ఎగిరిపోతున్నాయా, దీర్ఘాలు పోతున్నాయా, 'ప'కూ 'వ'కూ తేడా తెలియడంలేదా అని అక్కడే బయటపడుతుంది. ఎక్కడ తెగిందో అక్కడికి ఒక మెట్టు కింద నుంచి ఎత్తుకో.

రోజుకు 15 నిమిషాలు చాలు, కానీ రోజూ ఉండాలి. మొదట చప్పట్లతో మాటను ముక్కలు చేయించు: కో, డి. తర్వాత ఆ ముక్కను పళ్లెంలో రవ్వ మీద వేలితో పలుకుతూ రాయించు. ఒకసారికి మూడు నాలుగు అక్షరాలే. చూడ్డానికి ఒకేలా ఉండే ప, వ, ష ఒకే వారం పెట్టొద్దు, ఉన్న గందరగోళం రెట్టింపవుతుంది. వంద సార్లు ఇంపోజిషన్ రాయించడం వల్ల తప్పు చేతికి అలవాటవడం తప్ప ఒరిగేదేమీ లేదు. ఈలోగా పరిసరాల విజ్ఞానం, లెక్కలు ఆగకూడదు. పక్క పిల్లోడు పైకి చదువుతాడు, వీడు విని జవాబు నోటితో చెబుతాడు, మార్కులు ఆ జవాబుకే. భిన్నాలు చెప్పేరోజు జొన్నరొట్టె తెప్పించి అందరితో సగం, పావు, మూడు పావులు చేయించు. వినని వాడికి కళ్లకు కనిపిస్తుంది, చూడలేని పాపకు చేతికి తగులుతుంది, చదవలేని వాడికి చదవాల్సిన పనే లేదు. మిగతా పిల్లలకూ అలాగే బాగా ఎక్కుతుంది.

ఏ బిడ్డకు వైకల్యం ఉండే అవకాశముందో బళ్లోనే చూసుకోవడానికి ఫోన్‌లో ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ల ప్రశస్త్ యాప్ ఉంది. అందులో మొదటి భాగం మామూలు టీచరు నింపాలి, రెండో భాగం ప్రత్యేక విద్య తెలిసినవాళ్లు. అది జల్లెడ పట్టడానికే, రోగనిర్ధారణ కాదు. దాని ఫలితం పట్టుకుని తల్లితో "నీ కొడుక్కి ఫలానా జబ్బు" అనొద్దు.

సహిత విద్య టీచరు, అంటే ప్రత్యేకావసరాల పిల్లల కోసం బడులు తిరిగే టీచరు, మీ బడికి ఎప్పుడో ఒకసారి వస్తారు. ప్రాథమిక స్థాయిలో 10 మంది ప్రత్యేకావసరాల పిల్లలకు ఒక ప్రత్యేక టీచరు, పై తరగతుల్లో 15 మందికి ఒకరు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ లెక్క మీ బడికి అందేదాకా వచ్చిన పూటనే పూర్తిగా వాడుకో. పిల్లల్ని వరండాలోకి తీసుకెళ్లి విడిగా కూర్చోబెట్టుకునే బదులు, నీ తరగతిలో ఒక పీరియడ్ కూర్చుని చూడమను. మూడు ప్రశ్నలు ముందే రాసిపెట్టుకో. ఒక్కో బిడ్డకు వ్యక్తిగత విద్యా ప్రణాళిక ఇద్దరూ కలిసి ఒక పేజీలో రాయండి. "చదువులో మెరుగుపడాలి" అని రాస్తే అది ప్రణాళిక కాదు. "అక్టోబరు ఆఖరుకు గుణింతం ఉన్న 10 మాటల్లో 8 తప్పు లేకుండా చదవాలి, రోజూ ప్రార్థన తర్వాత 15 నిమిషాలు, శుక్రవారం నేనే చూస్తాను" అని రాస్తే పని జరుగుతుంది.

మరో పక్క కాగితాల పనీ నడవాలి. గ్రామ సచివాలయంలో ఆధార్‌తో సదరం స్లాట్ వేయించు. ఆ రోజు డాక్టరు బిడ్డను చూసేది కొద్ది నిమిషాలే కాబట్టి, తరగతిలో నువ్వు చూసింది అర పేజీ రాసి తల్లి చేతికివ్వు. బడుల, పిల్లల వివరాలు ఎక్కించే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డు యూడైస్‌లో ప్రత్యేకావసరాల కాలమ్ సరిగా నింపావో లేదో చూసుకో. అక్కడ లేకపోతే ఉపకరణాలు, ప్రయాణ భత్యం, ఆడపిల్లలకు నెలకు 200 చొప్పున 10 నెలలు వచ్చే ఉపకార వేతనం ఏవీ కదలవు. డబ్బు పడకపోతే మొదట చూడాల్సింది ఆధార్‌లో పేరు, బ్యాంకులో పేరు ఒకటేనా అని. బిడ్డ చదువుకుంటే శాతం తగ్గి పింఛను పోతుందని భయపడే తల్లిదండ్రులు ఉంటారు. వాళ్లను తప్పుపట్టొద్దు, నెలనెలా వచ్చే ఆ 6000 రూపాయలతో ఇల్లు నడుస్తుంటుంది. వినికిడి, చూపు శాతం పరీక్షలో కొలిచేది, అక్షరాలు వచ్చినంత మాత్రాన తగ్గదని నిదానంగా చెప్పు.

ర్యాంపు గురించి అడిగావు. అడుగు ఎత్తుకు కనీసం 12 అడుగుల పొడవు. మీ వరండా అడుగున్నర ఉంటే 18 అడుగులు రావాలి. స్థలం లేదని ఆరడుగుల్లో ముగిస్తే చక్రాల కుర్చీ వెనక్కి దొర్లుతుంది. సిమెంటు వేయకముందే టేపు పట్టుకుని నిలబడు.

ఇంత చేసినా బిడ్డను ఎవరైనా "చేర్చుకోం" అంటే తల్లిదండ్రుల చేత హెడ్మాస్టరుకు, తర్వాత మండల విద్యాధికారి (ఎంఈఓ)కి రాతపూర్వకంగా ఇప్పించి రశీదు తీసుకోమను. అక్కడా తేలకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్ ఉన్నారు. చట్టం మీరితే మొదటిసారి 10,000 రూపాయల దాకా జరిమానా అని 89వ సెక్షన్ చెబుతోంది. అది ఆఖరి మెట్టు. నోటిమాటగా జరిగినదానికి అక్కడ విలువ ఉండదు, అందుకే తేదీలు రాసుకోవడం ఇప్పుడే మొదలుపెట్టు.

ఒక్కటి మాత్రం దసరాకు ముందే చూసుకో. దీపావళి దాటితే మీ పల్లె సగం సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు, గుంటూరు వైపు పోతుంది, ఈ పిల్లల్ని అవ్వ దగ్గర వదిలితే వదులుతారు, లేదా వెంట తీసుకుపోతారు. అవ్వ దగ్గర ఉంటే ఆమెను ఒకరోజు బడికి పిలిచి చెవి మిషన్ బ్యాటరీ మార్చడం ఆమె చేతే చేయించు. వెంట పోతుంటే ఒక కవరు కట్టివ్వు: సదరం కాగితం జిరాక్స్, యూడైస్‌లోని శాశ్వత విద్యా నంబరు, ఆ ఒక పేజీ ప్రణాళిక, నాలుగు నెలలకు సరిపడా బ్యాటరీలు. విద్యాహక్కు చట్టం ప్రకారం ఏడాది మధ్యలో వచ్చినా చేర్చుకోవాలి, టీసీ ఆలస్యమైందని ఆపకూడదు. ఈ రెండు మాటలూ కవరు మీద రాయి. తల్లికి చదువు రాకపోతే అదే విషయం నీ గొంతుతో రికార్డు చేసి వాళ్ల ఫోన్‌కు పంపు. అక్కడి హెడ్మాస్టరుకు వినిపిస్తుంది.

20 మాటల కాగితం మీద వాడు చదివింది చదివినట్టు రాసి, ఫొటో తీసి పంపు. ఎక్కడ నుంచి ఎత్తుకోవాలో కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
పెదనాన్న