డాక్టర్ కాకుండా ఆరోగ్యం మీద పరిశోధనా?

ప్రశ్న: మాది గాజువాక. అమ్మాయి ఆంధ్రా యూనివర్సిటీలో ఎంఏ ఎకనామిక్స్ చివరి ఏడాది. ప్రభుత్వ పథకాల వల్ల జనం ఆరోగ్యం ఎంత బాగుపడిందో పరిశోధిస్తాను, పీహెచ్‌డీ చేసి ప్రొఫెసర్నవుతాను అంటోంది. బంధువులేమో గ్రూప్స్ రాయించమంటున్నారు. డాక్టర్ చదవకుండా ఈ పరిశోధన ఏమిటి? ఉద్యోగం వస్తుందా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, డాక్టర్ తన ఎదుట కూర్చున్న రోగిని చూస్తారు. ఆ రోగి అక్కడిదాకా ఎలా రాగలిగాడు, ఎంత అప్పు చేశాడు, రాలేక ఊళ్లోనే ఉండిపోయినవాళ్లు ఎందరు అన్నది మీ అమ్మాయి చూస్తానంటోంది.

ఒకసారి విశాఖలోని ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ ఓపీ దగ్గర పాడేరు వైపు నుంచి వచ్చిన ఒకావిడతో మాట్లాడాను. చేతిలో పాలిథిన్ కవరు, అందులో రిపోర్టులు, వాటి మధ్య మడతపెట్టిన బస్సు టికెట్లు. "ఆపరేషన్‌కి పైసా తీసుకోలేదు బాబూ. రానూపోనూ ఛార్జీలకీ తిండికీ రెండు మేకల్ని అమ్ముకున్నాం" అంది. ఆపరేషన్ల లెక్క రికార్డుల్లో ఉంటుంది. ఆ మేకల లెక్క రాబట్టాల్సింది ఇలాంటి పరిశోధకులే.

దీనికి ఎకనామిక్స్ చక్కటి పునాది. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం 2008లో పేదల ఆరోగ్య బీమాకు లాటరీ తీసింది. బీమా దక్కినవాళ్లనీ దక్కనివాళ్లనీ పోల్చి చూస్తే, రెండేళ్లలో వైద్యం ఖర్చుల భారం, డిప్రెషన్ తగ్గాయి. బీపీలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ అధ్యయనాన్ని నడిపినవారిలో ముఖ్యులు ఏమీ ఫింకెల్‌స్టీన్, ఎకనామిక్స్ ప్రొఫెసర్. మన ఆరోగ్యశ్రీ కూడా 2007లో ముందు శ్రీకాకుళం, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనే మొదలైంది. ముందు అందిన జిల్లాలకూ తర్వాత అందినవాటికీ తేడా ఏమిటని అడగొచ్చు కదా!

ఇక ఉద్యోగం. దాచకుండా చెబుతాను, తొందరగా రాదు. పీహెచ్‌డీకి నాలుగైదేళ్లు పడుతుంది. యూనివర్సిటీ పోస్టులు భర్తీ అయ్యేదాకా ప్రాజెక్టుల్లో కాంట్రాక్టు మీద పనిచేయాల్సి రావచ్చు. అయితే యూజీసీ నెట్ అనే అర్హత పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000 ఇస్తారు. మీ మీద భారం పడదు. ముంబైలో జనాభా అధ్యయనాల సంస్థ ఐఐపీఎస్, టాటా సామాజిక శాస్త్రాల సంస్థ టిస్, తిరువనంతపురంలో అచ్యుత మీనన్ సెంటర్, ఢిల్లీలో జేఎన్‌యూ ఈ రంగంలో పేరున్నవి. అమ్మాయిని అంత దూరం పంపడానికి మీరు సిద్ధమేనా అన్నది ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకోండి.

గ్రూప్స్ కూడా రాస్తూ ఉండమని మాత్రం అనకండి. నెట్, గ్రూప్స్ రెండింటి సిలబస్సూ వేరు. రెండు పడవల మీద కాళ్లు పెట్టిన పిల్లల్ని చాలామందిని చూశాను.

దానికి బదులు ఒక పని చేయించండి. మన రాష్ట్రంలో ప్రసవాల్లో 42.4 శాతం సిజేరియన్లేనని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ప్రభుత్వాసుపత్రుల్లో ఎంత, ప్రైవేటులో ఎంత, తల్లి చదువును బట్టి ఎలా మారుతోంది? ఆ డేటా తెప్పించుకుని, గణాంకాలకు వాడే ఆర్ సాఫ్ట్‌వేర్‌లో తనే లెక్కగట్టమనండి. ఆర్‌కి డబ్బు కట్టక్కర్లేదు. సగం రోజులు డేటా శుభ్రం చేయడానికే పోతాయి, విసుగొస్తుంది. రెండు నెలల తర్వాత కూడా ఆ ప్రశ్న తనని వదలకపోతే, వేసిన టేబుళ్లు పట్టుకుని ఇద్దరూ రండి. ఏ సంస్థకి ముందు అప్లై చేయాలో కూర్చుని చూద్దాం.