బియర్డెడ్ డ్రాగన్ పది రోజులుగా తినకుండా పడుకునే ఉంటోంది, లేపాలా వద్దా?

మీ బియర్డెడ్ డ్రాగన్‌కి (ఆస్ట్రేలియా జాతి పెంపుడు బల్లి) ఏడాదిన్నర వయసు, పది రోజులుగా తిండి ముట్టట్లేదు, చల్లగా ఉండే వైపుకెళ్లి హైడ్ (దాక్కోవడానికి పెట్టే గూడు) కింద దూరుతోంది, కదిపితే ఒక కన్ను తెరిచి చూసి మళ్లీ పడుకుంటోంది అన్నారు కదా, చదువుతుంటే అచ్చం మావాడి గురించి రాసినట్టే ఉంది, ప్రతి చలికాలం ఇదే వరస వాడిది. చాలావరకు బ్రూమేషనే, అంటే ఇలాంటి సరీసృపాలు చలికాలంలో పోయే పొడుగాటి నిద్రే అయ్యుంటుంది. కానీ అంతేలే అని వదిలేయకండి, జబ్బు చేసినది కూడా ఇలాగే తిండి మానేసి మూల పడుకుంటుంది, పైకి చూస్తే తేడా తెలీదు.

అందుకే లేపాలా వద్దా అన్నది తర్వాత, ముందు రెట్ట టెస్ట్ చేయించండి. రెప్టైల్స్ చూసే డాక్టర్ దగ్గరికి తాజా రెట్ట తీసుకెళ్తే కాక్సిడియా, పిన్‌వార్మ్స్ లాంటి పేగుల్లోని పరాన్నజీవులు ఎక్కువున్నాయేమో మైక్రోస్కోప్‌లో చూసి చెప్తారు. ఒళ్లు చల్లబడితే వాటి ఇమ్యూనిటీ కూడా నెమ్మదిస్తుంది, మామూలప్పుడు తట్టుకునే ఆ పరాన్నజీవులే నిద్రలో బాగా దెబ్బతీస్తాయి. నేనైతే చలికాలం మొదలవకముందే ఈ టెస్ట్ చేయించేస్తా, పడుకున్నాక రెట్ట ఎక్కడ దొరుకుతుంది మరి! అలాగే బాస్కింగ్ ప్లేస్ (బల్బు కింద వేడి కాగే చోటు) టెంపరేచర్ ఒకసారి కొలవండి, 38 నుంచి 42 డిగ్రీలు ఉండాలి. బల్బు వీకై సరిగ్గా వేడెక్కకపోయినా ఇలాగే మందంగా పడుంటాయి. ఆడదైతే ఇంకో అనుమానం కూడా ఉంది, తవ్వుతూ తిండి మానేసిందంటే గుడ్లేమో, మగది తోడు లేకపోయినా గుడ్లు పెడతాయి ఇవి.

ఇవన్నీ ఓకే అయితే ఇక లేపకండి. పాపం ఆకలేస్తుందేమో అని బతిమాలి మేత పురుగులు నోట్లో పెట్టడం అసలు వద్దు, వేడి లేనిదే వాటికి అరగదు, చల్లటి ఒంట్లో తిండి అలాగే ఉండిపోయి కుళ్లుతుంది. ఆఖరిసారి తిన్నాక రెట్ట వేసిందా లేదా గుర్తు తెచ్చుకోండి, వేయకపోతే ఇంకా కాస్త మెలకువ ఉన్నప్పుడే గోరువెచ్చటి నీళ్లలో, మోచేతులు మునిగేంత లోతు చాలు, కాసేపు ఉంచండి, పక్కనే ఉండి తల నీళ్లలోకి వాలకుండా చూస్కోండి. తర్వాత బాగా తుడిచి పెట్టండి, తడితో చల్లటి చోట పడుకుంటే ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ రావచ్చు.

లైట్ల విషయంలో ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి. కొంతమంది పూర్తిగా ఆపేస్తారు. నేను రోజుకి 12 గంటల నుంచి మెల్లగా తగ్గిస్తూ 8 గంటలకి తెచ్చి అక్కడ ఆపుతా, హీట్ బల్బు, యూవీబీ (ఎండలోని అతినీలలోహిత కిరణాలిచ్చే లైటు) రెండూనూ, ఎందుకంటే మావాడు మధ్యలో లేచి కాసేపు ఎండ కాగి నీళ్లు నాకి మళ్లీ పోయి పడుకునే రకం. లేచినప్పుడు మూతి మీద రెండు చుక్కలు నీళ్లు వేస్తే చాలు, నాకుతుంది.

ఇక వీటన్నిటికంటే నేను నమ్మేది కిచెన్ స్కేల్‌ని. వారానికోసారి గ్రాముల్లో తూచి రాసుకోండి. నిజంగా బ్రూమేషన్‌లో ఉన్నది పెద్దగా బరువు తగ్గదు, 400 గ్రాములది 360కి వచ్చిందంటే, అంటే పదో వంతు పోయిందంటే, అది నిద్ర కాదు, డాక్టర్ దగ్గరికి పరిగెత్తండి. కళ్లు లోపలికి పోవడం, నోరు తెరిచి ఊపిరి తీయడం, ముక్కు దగ్గర జిగురు, చేతిలోకి తీసుకుంటే వేలాడిపోవడం, వీటిలో ఏది కనిపించినా అంతే, వారం దాకా ఆగొద్దు. ఏడాది లోపు డ్రాగన్ పిల్లల విషయంలో కూడా ఇంత ధైర్యంగా వదిలేయలేం, వాటికి దాచుకున్న కొవ్వు ఉండదు. మీది ఆ వయసు దాటింది కాబట్టి ఫర్వాలేదు.

ఎన్నాళ్లు అంటే చెప్పలేం, కొన్నింటికి కొన్ని వారాలు, కొన్నింటికి మూడు నెలలు. వీటి సొంతూరు ఆస్ట్రేలియాలో చలికాలం జూన్ నుంచి ఆగస్టు, అయినా ఇళ్లలో పుట్టి పెరిగినవి ఎక్కువగా మన చలికాలానికే పడుకుంటాయి, కొన్నైతే నడి ఎండాకాలంలో పడుకుంటాయి, ఎవరి క్యాలెండర్ వాళ్లది. తనంతట తాను లేచి బాస్కింగ్ దగ్గరికి రావడం మొదలెట్టాక లైట్ గంటలు మళ్లీ మెల్లగా పెంచండి, ముందు నీళ్లు, తర్వాత కొంచెం ఆకులు, ఒకట్రెండు పురుగులు. లేచిన రోజే తినకపోతే కంగారు పడకండి, ఒళ్లు వేడెక్కడానికి కొన్ని రోజులు పడుతుంది.